కొలిమికి బలి అన్న మాట

1955 ఫిబ్రవరిలో భారత, సోవియట్ ప్రభుత్వాలు ఒప్పందం మీద సంతకాలు చేశాయి. దుర్గ్ పట్టణం పక్కన 90కి పైగా పల్లెల భూములు తీసుకుని భిలాయి ఉక్కు కర్మాగారం కట్టారు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఈ నాలుగేళ్ల కథను టన్నుల లెక్కల్లో చెప్పుకోవడం మనకు అలవాటు. ఆ పల్లెల్లో నడిచిన మాట వేరు: ఇంత పెద్ద కట్టడం ఊరికే నిలబడదు, నరబలి అడుగుతుంది, పనికి పోయినవాణ్ణి మింగేస్తుంది. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్ మానవశాస్త్రవేత్త జొనాథన్ ప్యారీ 1990ల నుంచి భిలాయిలో పరిశోధన చేసి ఈ పుకార్ల గురించి విపులంగా రాశాడు. తొలినాళ్లలో స్థానికులు కర్మాగారం పనికి వెనకాడారు. పంజాబ్, బిహార్, బెంగాల్, కేరళ, ఆంధ్ర నుంచి జనం వచ్చి చేరారు. వలస వచ్చినవాళ్ల నోట ఛత్తీస్‌గఢీ రైతుకు పడిన పేరు సోమరి, వెనకబడినవాడు. ఆ పేరు పెట్టినవాళ్లలో మనవాళ్లు లేరనుకోవడానికి ఆధారమేమీ లేదు. వంతెన కడుతున్నారంటే పిల్లల్ని గడప దాటనివ్వని ఇళ్లు మన ఊళ్లలోనూ ఉండేవని మరచిపోయి ఉంటారు.

నా వాదన ఒక్కటే. ఆ పుకారు భయాన్ని పుట్టించలేదు, అప్పటికే ఉన్న భయానికి కారణం సమకూర్చింది. ఇందుకు మంచి సాక్ష్యం బిహార్‌లో దొరుకుతుంది. 1934 జనవరి 15 భూకంపం తర్వాత జమునా ప్రసాద్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పుకార్లను సేకరించి, మరుసటి ఏడు ప్రచురించాడు. నేల కంపించినా ఇళ్లు కూలని చోట్ల కూడా, అంతకంటే పెద్ద విపత్తు రాబోతోందన్న మాటలు జోరుగా తిరిగాయి. భయపడినవాడు మరింత భయపెట్టే మాటను ఎందుకు నమ్మాలి? అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త లియాన్ ఫెస్టింగర్ 1957లో దీనికి జవాబు చెప్పాడు. గుండె దడ తగ్గదు, చుట్టూ చూస్తే దెబ్బతిన్నదేదీ కనపడదు. ఆ పొసగనితనాన్ని పుకారు సర్దిపెడుతుంది. డార్జిలింగ్ కొండచరియల విధ్వంసాన్ని కళ్లారా చూసినవారిలో అలాంటి అతిశయోక్తులు కనిపించలేదని మనస్తత్వ శాస్త్రవేత్త దుర్గానంద్ సిన్హా 1952లో చూపాడు.

ఇక్కడ గట్టి అభ్యంతరమే వస్తుంది. భిలాయి రైతులు నష్టపోయారు కదా, భూమి పోయింది కదా, వారిని డార్జిలింగ్ వారితో కాక బిహార్ వారితో ఎందుకు కలపాలి? నిజమే, పోలిక అచ్చంగా కుదరదు. కానీ ఆ నష్టం ఎలాంటిదో చూడాలి. కూలిన గోడ కనిపిస్తుంది. సాగుభూమి పోయి చేతికి పరిహారం వచ్చినప్పుడు మిగిలేది రేపు ఏమవుతుందోనన్న గుబులు. దానికి రూపం లేదు, నిలదీయడానికి మనిషీ లేడు. బలి కథ ఆ రెండింటినీ ఇచ్చింది. ఇదంతా చదువులేనితనమే అనేవారికి 2018ని గుర్తు చేస్తే చాలు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న మాట ఆ వేసవిలో వాట్సాప్‌లో పాకి, తెలుగు రాష్ట్రాల్లో అమాయకులు దెబ్బలకు బలయ్యారు. పుకారు ఎంత ప్రమాదకరమో కూడా అదే చెబుతుంది. దానిని అర్థం చేసుకోవడం వేరు, వెనకేసుకురావడం వేరు.

మరో అభ్యంతరం ఇంకా బరువైనది: ఉక్కు కొలిమి నిజంగానే మనుషుల్ని తీసుకుంటుంది కాబట్టి ఆ భయం ఉత్త భ్రమ కాదు. 2014 జూన్ 12న భిలాయి కర్మాగారంలో విషవాయువు లీకై ఆరుగురు చనిపోయారు, మృతుల్లో ఉన్నతాధికారులూ ఉన్నారు. 2018 అక్టోబరు 9న కోక్ ఓవెన్ గ్యాస్ పైపు దగ్గర పేలుడు పదిమందికి పైగా ప్రాణాలు తీసింది. దీన్ని నేను కాదనను. ఫెస్టింగర్ సూత్రం భయం కారణాన్ని ఎలా వెతుక్కుంటుందో చెబుతుందే గాని, దొరికిన కారణంలో నిజమెంతో చెప్పదు. అయితే ప్రమాదమే పూర్తి జవాబైతే, అదే కొలిమి ఉద్యోగం కోసం తర్వాత స్థానికులే పోటీ పడడం అర్థం కాదు. కొలిమి వేడి తగ్గలేదు. పర్మనెంటు జీతం, టౌన్‌షిప్ సెక్టార్లలో క్వార్టర్, కంపెనీ ఆసుపత్రి ఎలాంటివో కంటికి కనిపించాయి. కాంట్రాక్టు కూలీకి ఇవేవీ పూర్తిగా అందలేదు. అందుకే భిలాయిలో ఎవరు దేనికి భయపడతారో తెలుసుకోవాలంటే మనిషి కులాన్నో చదువునో కాదు, అతని గేట్‌పాస్ ఏ రకమో ముందు అడగాలి.