135వ వీధి పుస్తకాల గది: షోంబర్గ్ కేంద్రానికి నూరేళ్ళు

చేతులు మారి మారి నలిగి, అట్టలూడి, పేజీలు జారిపోయిన పుస్తకాల వల్ల పుట్టిన సంస్థ ఇది. న్యూయార్క్‌లోని హార్లెమ్ పేటలో 135వ వీధి శాఖా గ్రంథాలయానికి 1920ల మొదట్లో వచ్చిన కష్టమల్లా పాఠకులు మరీ ఎక్కువ కావటమే. నల్లజాతి చరిత్ర మీద, సాహిత్యం మీద ఉన్న కొద్దిపాటి పుస్తకాలు బీరువాలో నిలిచేవి కావు. వాటిలో చాలావరకు మళ్ళీ అచ్చుకు నోచుకోనివి, పోతే పోయినట్టే. 1924 డిసెంబరులో పేట పెద్దలు కూడి, అలాంటి వాటిని ఇంటికివ్వకుండా అక్కడే కూర్చుని చదువుకొనే ఏర్పాటు చేద్దామన్నారు. 1925 మే నెలలో ఆ ప్రత్యేక విభాగం తెరుచుకుంది. ఇవాళ్టి షోంబర్గ్ నల్లజాతి సంస్కృతి పరిశోధన కేంద్రానికి అదే పునాది. 2025లో దానికి నూరేళ్ళు నిండాయి.

ఆ పాఠకులు ఎవరో కొంచెం చెప్పాలి. 1905లో ఆ గ్రంథాలయం తెరిచిన నాటికి చుట్టుపక్కల ఎక్కువగా యూదు కుటుంబాలుండేవి. పదిహేనేళ్ళలో పేట రూపే మారింది. దక్షిణాది రాష్ట్రాల పత్తిచేలనూ, తెల్లవాళ్ళ మూకలు ఉరితీస్తాయన్న భయాన్నీ వదిలి రైలెక్కినవాళ్ళూ, కరీబియన్ దీవుల నుంచి ఓడల్లో వచ్చినవాళ్ళూ అక్కడ తలదాచుకున్నారు. ఇరుకు గదులు, విపరీతమైన అద్దెలు, పగలంతా ఒకరి కింద చాకిరీ. ఆ మనిషి సాయంత్రం తలెత్తుకుని వెళ్ళి కూర్చోగలిగిన చోట్లలో ఈ గ్రంథాలయం ఒకటి. 1920లో శాఖ బాధ్యత తీసుకున్న ఎర్నెస్టిన్ రోజ్ తెల్లజాతి స్త్రీ. పేట మనుషులే బల్ల వెనక కూర్చోవాలని పట్టుబట్టి నల్లజాతి ఉద్యోగులను చేర్చుకున్నారు. అలా వచ్చిన కాథరిన్ లాటిమర్ న్యూయార్క్ ప్రజా గ్రంథాలయంలో తొలి నల్లజాతి గ్రంథపాలకురాలు. పత్రికల్లో నల్లవాళ్ళ గురించి వచ్చిన ప్రతి వార్తనూ కత్తిరించి, విషయాల వారీగా సర్దిపెట్టే పని ఆమె మొదలుపెట్టారు. మరుసటి ఏడాది చేరిన ప్యూర్టోరికో యువతి పూరా బెల్ప్రే తరవాతి కాలంలో పిల్లలకు కథలు చెప్పటంలో పెద్ద పేరు తెచ్చుకున్నారు. సాయంత్రాలు కవితాపఠనాలు, ఉపన్యాసాలు, చిత్రకళా ప్రదర్శనలు జరిగేవి. హార్లెమ్ సాంస్కృతిక పునరుజ్జీవనమని చరిత్రకారులు రాసేదాంట్లో చాలా భాగం ఈ గదుల్లో నడిచింది. 1921లో హార్లెమ్‌కు కొత్తగా వచ్చిన కుర్రవాడు, కాబోయే కవి లాంగ్‌స్టన్ హ్యూస్ తొలుత అడుగుపెట్టిన చోట్లలో ఇదొకటి.

సంస్థకు పేరిచ్చిన ఆర్తురో అల్ఫోన్సో షోంబర్గ్ మాటకొద్దాం. ఆయన పండితుల ఇంట పుట్టలేదు, విశ్వవిద్యాలయంలో చదవలేదు. 1874లో ప్యూర్టోరికోలోని శాన్‌తుర్సేలో పుట్టారు. తల్లి సెయింట్ క్రోయి దీవికి చెందిన నల్లజాతి స్త్రీ, తండ్రిది జర్మన్ మూలాలున్న కుటుంబం. నల్లవాళ్ళకు చరిత్రా లేదు, వీరులూ లేరని బడిలో ఒక టీచరు అన్న మాట ఆయన్ని జీవితాంతం వెంటాడిందని చెబుతారు. 1891లో న్యూయార్క్ చేరి, ఆ తరవాత వాల్‌స్ట్రీట్‌లోని బ్యాంకర్స్ ట్రస్ట్‌లో టపా విభాగంలో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేశారు. పగలు ఉత్తరాలు, మిగతా వేళంతా పుస్తకాల వేట. బానిసగా అమెరికా చేరి 1773లో కవితా సంపుటి ప్రచురించిన ఫిలిస్ వీట్లీ పుస్తకాలు, హైతీ విప్లవ నాయకుడు తూసాఁ లూవెర్త్యూర్ కాగితాలు, ఖగోళ గణితం తెలిసిన బెంజమిన్ బనేకర్ పంచాంగాలు... జీతం రాళ్ళతోనే ఇవన్నీ కూడబెట్టారు. ఆయన దృష్టిలో ఇది సరదా సేకరణ కాదు, దావాలో దాఖలు చేయవలసిన సాక్ష్యం. 1911లో మిత్రుడు జాన్ ఎడ్వర్డ్ బ్రూస్‌తో కలిసి చరిత్ర పరిశోధనకు ఒక సంఘం పెట్టారు. 1925లో, ప్రత్యేక విభాగం తెరిచిన ఏడాదే, నల్లజాతి తన గతాన్ని తానే తవ్వి తీసుకోవాలని వాదిస్తూ గొప్ప వ్యాసం రాశారు.

మరుసటి ఏడాది ఆయన సేకరణ మొత్తాన్ని కార్నెగీ కార్పొరేషన్ 10,000 డాలర్లకు కొని, 135వ వీధి గ్రంథాలయానికిచ్చింది. 5,000కు పైగా పుస్తకాలు, 3,000 రాతప్రతులు, 2,000 చిత్రాలు అందులో ఉన్నాయి. అవి పెద్ద విశ్వవిద్యాలయానికి పోలేదు, తాళం వేసిన గాజు బీరువాల్లోకి పోలేదు. పాచిపని చేసే మనిషి, పడవ దిగిన కూలీ, బడిపిల్ల ఎవరైనా వచ్చి అడిగి చదువుకోగల చోటికి వచ్చాయి. ఈ సంస్థ నూరేళ్ళ చరిత్రలో ఇంతకంటే పెద్ద ఘటన లేదని నా నమ్మకం. ఆ డబ్బుతో షోంబర్గ్ ఇల్లు కట్టుకోలేదు. స్పెయిన్, ఫ్రాన్స్, జర్మనీ, ఇంగ్లండ్ తిరిగారు. చిత్రకారుడు వెలాస్కెత్ ఇంట బానిసగా ఉండి, తానూ చిత్రకారుడైన హువాన్ దే పరేహా బొమ్మలు వెతుక్కుంటూ స్పెయిన్ దేశమంతా గాలించారు. 1932లో ఆ సేకరణకే సంరక్షకుడిగా వచ్చి, 1938లో కన్నుమూసేదాకా అక్కడే ఉన్నారు. 1940లో దానికి ఆయన పేరు పెట్టారు.

ఆర్థిక మాంద్యం హార్లెమ్‌ను కుంగదీసిన ఏళ్ళలో కూడా గ్రంథాలయం తలుపు మూయలేదు. 1934లో ప్రభుత్వ కళాపథకం కింద ఆరన్ డగ్లస్ నాలుగు పెద్ద చిత్రాలు గీసి ఇచ్చారు. ఆఫ్రికా నుంచి బానిసత్వం మీదుగా నగరాల దాకా సాగిన ప్రయాణం వాటిలో కనిపిస్తుంది. 1940లో నేలమాళిగలో అమెరికన్ నీగ్రో థియేటర్ మొదలైంది. సిడ్నీ పోయిటియర్, హ్యారీ బెలఫోంటే, రూబీ డీ అక్కడే రంగస్థలం నేర్చుకున్నారు. యాస బాగాలేదని మొదట తిప్పిపంపినా, పోయిటియర్ ఆ తరవాత నటన నేర్పితే చాలని అక్కడ ఊడ్చిపెట్టే పని చేశారు.

1948 నుంచి 1980 దాకా సంస్థను మోసిన మనిషి జీన్ బ్లాక్‌వెల్ హట్సన్. ఘనా అధ్యక్షుడు ఎన్‌క్రూమా ఆహ్వానం మీద ఆ దేశం వెళ్ళి, అక్కడి విశ్వవిద్యాలయంలో ఆఫ్రికా గ్రంథ సేకరణను పెంచిన గ్రంథపాలకురాలు ఆమె. ఆమె కాలంలో నిధులు లేక భవనం శిథిలమైంది, అమూల్యమైన కాగితాలు పెళుసెక్కి పొడిపొడి అయిపోతుంటే చూస్తూ ఉండవలసి వచ్చింది. పేదల పేటలో ఉన్నదని ప్రపంచంలో ఇంకెక్కడా దొరకని సంపదను అలా వదిలేయటం తలుచుకుంటే ఇప్పటికీ కోపమొస్తుంది. హట్సన్, ఆమె వెంట నిలిచిన హార్లెమ్ జనం ఊరుకోలేదు. 1972లో దాన్ని పరిశోధన గ్రంథాలయంగా గుర్తించారు. 1980లో కొత్త భవనం లేచింది. 1991లో తెరిచిన సభామందిరానికి లాంగ్‌స్టన్ హ్యూస్ పేరు పెట్టి, దాని ముందటి నేలమీద తీర్చిన చిత్రం కింద ఆయన చితాభస్మం ఉంచారు.

ఇప్పుడు అక్కడ ఒక కోటీ పది లక్షలకు పైగా వస్తువులున్నాయి: పుస్తకాలు, ఫోటోలు, పాటల రికార్డులు, సినిమా రీళ్ళు, సంఘాల కాగితాలు. శనివారాల్లో పదకొండు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లలు వచ్చి తమ పూర్వుల చరిత్ర చదువుతారు, దాన్ని నాటకంగానో వీడియోగానో మలుస్తారు. జాజ్ కచేరీలు, బొమ్మల కథల పండగ కూడా జరుగుతాయి.

2013లో ఆ కేంద్రంలోనే సిల్వియాన్ దియూఫ్, కెన్నెత్ రాబిన్స్ భారతదేశంలోని ఆఫ్రికన్ల మీద ప్రదర్శన పెట్టారు. ఇథియోపియాలో పుట్టి, బానిసగా అమ్ముడై, అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపి, 1626లో చనిపోయేదాకా మొగలులను నిలువరించిన మాలిక్ అంబర్ హార్లెమ్ పిల్లలకు అలా పరిచయమయ్యాడు. దక్కన్ ఆయన యుద్ధభూమి, అంటే మన ఇరుగే. హైదరాబాదులో ఏసీ గార్డ్స్ మీదుగా రోజూ వెళ్ళేవారికి, నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వదళం (ఆఫ్రికన్ కావల్రీ) వల్లే ఆ పేటకు ఆ పేరు వచ్చిందని తెలియకపోవచ్చు. 1948 తరవాత దళం రద్దయింది. దళంలో పనిచేసినవాళ్ళ మనవలు, మునిమనవలు నగరంలోనే ఉన్నారు. వాళ్ళ మర్ఫా డప్పులు పెళ్ళిళ్ళలో మోగుతున్నాయి. ఆ ఇళ్ళలో తాతల ఫోటోలు, కొలువు కాగితాలు ఇంకా మిగిలి ఉంటే, వాటిని అడిగి, నకళ్ళు తీసి, పెద్దల మాటలు రికార్డు చేసి, ఆ పేట పిల్లలే వచ్చి చూసుకొనేలా ఒక గదిలో ఉంచే పని నగరంలోని ఏ గ్రంథాలయమైనా ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు.