డెన్వర్ పయొనీర్స్ పురుషుల ఐస్ హాకీ జట్టు

డెన్వర్ పయొనీర్స్ పురుషుల ఐస్ హాకీ జట్టు అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని కొలరాడో రాష్ట్ర రాజధాని డెన్వర్ నగరంలో ఉన్న డెన్వర్ విశ్వవిద్యాలయానికి చెందిన విద్యార్థుల జట్టు. 1949లో ఏర్పడిన ఈ జట్టు అమెరికా కళాశాలల ఐస్ హాకీలో అత్యంత విజయవంతమైన జట్లలో ఒకటిగా ప్రసిద్ధి చెందినది. 2024 ఏప్రిల్‌లో పదవ సారి జాతీయ విజేతగా నిలిచి, అంతవరకు తొమ్మిది టైటిళ్ళతో తనతో సమానంగా ఉన్న మిచిగన్ విశ్వవిద్యాలయాన్ని దాటి ప్రథమ స్థానమును పొందినది. ఈ వ్యాసంలో జట్టు చరిత్రతో పాటు, 2018 నుండి 2025 వరకు డేవిడ్ కార్ల్ శిక్షణలో జట్టు ఆడిన ముఖ్యమైన మ్యాచ్‌ల వివరములు ఇవ్వబడినవి. ఈ కాలంలో జట్టు గెలుపు ఓటములు ఎక్కువగా ఒకే ఒక్క గోల్ తేడాతో నిర్ణయించబడుట గమనించదగిన విషయం.

ఆట, పోటీ విధానము

ఐస్ హాకీని గడ్డకట్టిన మంచు తలంపై ఆడుదురు. ఈ మైదానాన్ని రింక్ అంటారు. ఒక్కొక్క జట్టు నుండి గోల్‌కీపరుతో కలిపి ఆరుగురు ఆటగాళ్ళు అడుగున ఉక్కు పలక అమర్చిన బూట్లు ధరించి మంచుపై జారుతూ, కర్రతో పక్ అనే గట్టి రబ్బరు బిళ్ళను ఎదుటి జట్టు గోల్‌లోకి కొట్టుటకు ప్రయత్నిస్తారు. 20 నిమిషాల పీరియడ్లు మూడు ఉంటాయి. నియమాలను ఉల్లంఘించిన ఆటగాడు సాధారణంగా రెండు నిమిషాలు బయట కూర్చోవలసి ఉంటుంది. ఆ సమయంలో అతని జట్టు ఒక ఆటగాడు తక్కువగా ఆడవలెను.

కళాశాలల జాతీయ పోటీలను నేషనల్ కాలేజియేట్ అథ్లెటిక్ అసోసియేషన్ నిర్వహిస్తుంది. దీనిని సంక్షిప్తంగా ఎన్.సి.ఎ.ఎ. అంటారు. పురుషుల ప్రథమ శ్రేణి టోర్నమెంటులో 2003 నుండి 16 జట్లు పాల్గొంటున్నాయి. వీటిని నాలుగు ప్రాంతీయ విభాగాలుగా విభజిస్తారు. ఒక్క మ్యాచ్ ఓడినా జట్టు టోర్నమెంటు నుండి నిష్క్రమించవలసినదే. ప్రాంతీయ విజేతలైన నాలుగు జట్లు సెమీఫైనల్ ఆడుతాయి. ఈ చివరి ఘట్టానికి ఫ్రోజెన్ ఫోర్ అని పేరు. టోర్నమెంటులో నిర్ణీత సమయం ముగిసేసరికి స్కోరు సమంగా ఉంటే 20 నిమిషాల అదనపు పీరియడ్లు ఆడిస్తారు. అందులో మొదటి గోల్ కొట్టిన జట్టే విజేత. గోల్ పడేవరకు పీరియడ్లు కొనసాగుతూనే ఉంటాయి.

చరిత్ర

ముర్రే ఆర్మ్‌స్ట్రాంగ్ శిక్షకునిగా ఉన్న 1956-1977 మధ్య కాలం జట్టుకు మొదటి స్వర్ణయుగం. ఎన్.హెచ్.ఎల్.లో, అనగా ఉత్తర అమెరికా వృత్తి హాకీ లీగ్‌లో ఆడిన అనుభవం గల ఇతడు కెనడా నుండి ప్రతిభ గల విద్యార్థులను డెన్వర్‌కు రప్పించినాడు. ఇతని శిక్షణలో జట్టు 1958, 1960, 1961, 1968, 1969 సంవత్సరాలలో జాతీయ టైటిళ్ళను గెలుచుకున్నది. 1961 ఫైనల్‌లో సెయింట్ లారెన్స్ జట్టుపై 12-2 తేడాతో సాధించిన విజయం వీటిలో అతి పెద్దది.

ఆ తరువాతి టైటిల్ కొరకు జట్టు 35 సంవత్సరాలు వేచి ఉండవలసి వచ్చినది. 1994లో శిక్షకునిగా వచ్చిన జార్జ్ గ్వోజ్డెకీ 2004, 2005 సంవత్సరాలలో వరుసగా రెండు టైటిళ్ళు అందించినాడు. 2004లో బోస్టన్‌లో జరిగిన ఫైనల్‌లో మెయిన్ విశ్వవిద్యాలయంపై డెన్వర్ 1-0 తో గెలిచినది. ఆ మ్యాచ్ చివరి క్షణాలలో డెన్వర్‌కు చెందిన ఇద్దరు ఆటగాళ్ళు శిక్షపై బయట ఉండగా, మెయిన్ జట్టు తన గోల్‌కీపరును కూడా వెనుకకు పిలిచి అదనపు ఆటగాడిని దింపినది. మంచుపై ఆరుగురు దాడి చేయుచుండగా ముగ్గురు ఆటగాళ్ళు, గోల్‌కీపర్ ఆడమ్ బెర్కోల్ కలిసి ఆ ఒక్క గోల్ ఆధిక్యాన్ని నిలబెట్టుకున్నారు.

2013లో గ్వోజ్డెకీ స్థానంలో జిమ్ మాంట్‌గోమరీ శిక్షకునిగా నియమితుడైనాడు. 2017లో షికాగోలో జరిగిన ఫైనల్‌లో మిన్నెసోటా డులూత్ జట్టుపై డెన్వర్ 3-2 తో గెలిచినది. మూడు గోల్సూ జారిడ్ లుకోసెవిషియస్ ఒక్కడే సాధించినాడు. అదే సంవత్సరం జట్టు నాయకుడు విల్ బుచర్‌కు కళాశాలల హాకీలో అత్యుత్తమ ఆటగానికి ఇచ్చే హోబీ బేకర్ పురస్కారం లభించినది. అంతకు ముందు 2006లో ఈ జట్టుకే చెందిన మాట్ కార్ల్ ఆ పురస్కారాన్ని పొందినాడు.

డేవిడ్ కార్ల్

డేవిడ్ కార్ల్ అలాస్కా రాష్ట్రంలోని యాంకరేజ్‌లో 1989లో జన్మించినాడు. ఇతడు పైన పేర్కొన్న మాట్ కార్ల్‌కు తమ్ముడు. అన్న వలెనే రక్షణ శ్రేణిలో ఆడే ఇతనికి డెన్వర్ విశ్వవిద్యాలయం హాకీ ఉపకారవేతనంతో ప్రవేశం కల్పించినది. 2008లో వృత్తి జట్ల ఎంపికకు ముందు జరిపిన వైద్య పరీక్షలలో ఇతనికి గుండె కండరం మందమయ్యే వ్యాధి ఉన్నట్లు బయటపడినది. తీవ్రమైన శ్రమ ప్రాణాపాయం కలిగించవచ్చు కనుక 18 ఏళ్ళ వయస్సులోనే ఇతడు ఆటను విరమించుకొనవలసి వచ్చినది. ఇతడు ఇక ఆడలేడని తెలిసి కూడా ఎన్.హెచ్.ఎల్. జట్టు టాంపా బే లైట్నింగ్ ఆ సంవత్సరం ఏడవ రౌండులో ఇతనిని గౌరవపూర్వకంగా ఎంపిక చేసుకున్నది.

డెన్వర్ విశ్వవిద్యాలయం ఉపకారవేతనాన్ని రద్దు చేయలేదు. గ్వోజ్డెకీ ఇతనిని విద్యార్థి సహాయ శిక్షకునిగా జట్టులోనే ఉంచుకున్నాడు. చదువు పూర్తయిన తరువాత ఇతడు గ్రీన్ బే గ్యాంబ్లర్స్ అనే జూనియర్ జట్టుకు సహాయ శిక్షకునిగా పని చేసి, 2014లో మాంట్‌గోమరీకి సహాయకునిగా డెన్వర్‌కు తిరిగి వచ్చినాడు. 2018లో మాంట్‌గోమరీ డల్లాస్ స్టార్స్ జట్టుకు శిక్షకునిగా వెళ్ళగా, ప్రధాన శిక్షకుని పదవి కార్ల్‌కు దక్కినది. అప్పటికి ఇతని వయస్సు 28 సంవత్సరాలు. ప్రథమ శ్రేణి కళాశాల జట్ల శిక్షకులందరిలో ఇతడే పిన్న వయస్కుడు.

2018-2021

కార్ల్ మొదటి సీజన్‌లోనే జట్టు 2019 ఫ్రోజెన్ ఫోర్‌కు చేరినది. బఫెలో నగరంలో జరిగిన సెమీఫైనల్‌లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం చేతిలో అదనపు సమయంలో 4-3 తో ఓడిపోయినది. 2020 టోర్నమెంటు కోవిడ్-19 వ్యాధి కారణంగా రద్దయినది. 2020-21 సీజన్‌లో జట్టు గెలిచిన మ్యాచ్‌ల కంటే ఓడినవే ఎక్కువ. 2007 తరువాత మొదటిసారిగా జాతీయ టోర్నమెంటుకు అర్హత సాధించలేకపోయినది.

2022 టైటిల్

మరుసటి సంవత్సరమే జట్టు కోలుకున్నది. కొలరాడోలోని లవ్‌లాండ్‌లో జరిగిన ప్రాంతీయ పోటీలలో మసాచుసెట్స్ లోవెల్ జట్టును 3-2 తో, మిన్నెసోటా డులూత్ జట్టును 2-1 తో ఓడించి బోస్టన్‌లో జరిగే ఫ్రోజెన్ ఫోర్‌కు చేరినది. సెమీఫైనల్ ప్రత్యర్థి మిచిగన్. 2021 ఎన్.హెచ్.ఎల్. ఎంపికలో మొదటి అయిదు స్థానాలలో నలుగురు మిచిగన్ ఆటగాళ్ళే కావడం ఆ జట్టు బలాన్ని తెలుపుతుంది. అదనపు సమయంలో కార్టర్ సవోయ్ చేసిన గోల్‌తో డెన్వర్ 3-2 తో గెలిచినది.

2022 ఏప్రిల్ 9న జరిగిన ఫైనల్‌లో డెన్వర్ మిన్నెసోటా స్టేట్ జట్టును ఎదుర్కొన్నది. ఆ సంవత్సరపు హోబీ బేకర్ విజేత డ్రైడెన్ మెకే ప్రత్యర్థి గోల్‌కీపరు. మొదటి రెండు పీరియడ్లలో డెన్వర్‌కు గోల్ కొట్టే అవకాశాలు బహు స్వల్పంగా లభించినవి. 1-0 తో వెనుకబడిన డెన్వర్ మూడవ పీరియడ్‌లో మాత్రం ఏకంగా అయిదు గోల్స్ చేసి 5-1 తో విజయం సాధించినది. ర్యాన్ బారో స్కోరును సమం చేయగా, మైక్ బెన్నింగ్ ఆధిక్యం అందించినాడు. బెన్నింగ్ ఫ్రోజెన్ ఫోర్‌లో అత్యుత్తమ ఆటగానిగా ఎంపికైనాడు. ఈ తొమ్మిదవ టైటిల్‌తో డెన్వర్ మిచిగన్ రికార్డును సమం చేసినది.

2024 టైటిల్

2023లో డెన్వర్ తొలి మ్యాచ్‌లోనే కార్నెల్ విశ్వవిద్యాలయం చేతిలో 2-0 తో ఓడి ఇంటిదారి పట్టినది. ఆ తరువాత గోల్‌కీపరు మాగ్నస్ క్రోనా జట్టును వీడినాడు. రెండు సీజన్ల పాటు అతని వెనుక ఎదురుచూసిన మాట్ డేవిస్‌కు ఆ స్థానం లభించినది. కెనడాలోని కాల్గరీకి చెందిన డేవిస్‌ను ఏ ఎన్.హెచ్.ఎల్. జట్టూ ఎంపిక చేసుకొనలేదు.

2023-24 సీజన్‌లో గోల్స్ కొట్టుటలో దేశంలోనే పేరుపొందిన డెన్వర్, జాతీయ టోర్నమెంటులో అందుకు పూర్తిగా భిన్నమైన ఆటను ప్రదర్శించవలసి వచ్చినది. ఆడిన నాలుగు మ్యాచ్‌లలోనూ జట్టు సరిగ్గా రెండేసి గోల్స్ మాత్రమే చేయగలిగినది. ఆ నాలుగు మ్యాచ్‌ల ఫలితములు:

* మార్చి 28, స్ప్రింగ్‌ఫీల్డ్: మసాచుసెట్స్ పై 2-1 (రెండవ అదనపు పీరియడ్‌లో)
* మార్చి 30, స్ప్రింగ్‌ఫీల్డ్: కార్నెల్ పై 2-1
* ఏప్రిల్ 11, సెయింట్ పాల్ (సెమీఫైనల్): బోస్టన్ విశ్వవిద్యాలయం పై 2-1 (అదనపు సమయంలో)
* ఏప్రిల్ 13, సెయింట్ పాల్ (ఫైనల్): బోస్టన్ కాలేజీ పై 2-0

సెమీఫైనల్‌లో ఆ సంవత్సరపు హోబీ బేకర్ విజేత మాక్లిన్ సెలెబ్రినీ ఎదుటి జట్టులో ఉన్నాడు. అదనపు సమయంలో ట్రిస్టన్ బ్రోజ్ విజయ గోల్ సాధించినాడు. ఫైనల్‌లో ఎదురైన బోస్టన్ కాలేజీ అప్పటికి దేశంలో అగ్రస్థానంలో ఉన్న జట్టు. ఆ సీజన్‌లో దేశంలో అందరికంటే ఎక్కువ గోల్స్ చేసిన కట్టర్ గోటియే, అతనితో పాటు విల్ స్మిత్, ర్యాన్ లియొనార్డ్, గేబ్ పెరో వంటి దాడి ఆటగాళ్ళు ఆ జట్టులో ఉన్నారు. సెమీఫైనల్‌లో మిచిగన్‌ను ఆ జట్టు 4-0 తో ఓడించి వచ్చినది.

ఫైనల్ రెండవ పీరియడ్‌లో జారెడ్ రైట్, రీగర్ లోరెంజ్ చెరొక గోల్ చేసినారు. మూడవ పీరియడ్ అంతా బోస్టన్ కాలేజీ దాడితోనే గడిచినది. డేవిస్ మొత్తం 35 షాట్లను అడ్డుకుని ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. టోర్నమెంటు మొత్తంలో ఇతడు ఇచ్చినవి మూడు గోల్స్ మాత్రమే. ఫ్రోజెన్ ఫోర్ అత్యుత్తమ ఆటగాని గౌరవం డేవిస్‌కు దక్కినది. మొదటి సంవత్సరం విద్యార్థిగా ఈ జట్టు రక్షణ శ్రేణిలో ఆడిన జీవ్ బుయుమ్‌ను 2024 ఎంపికలో మిన్నెసోటా వైల్డ్ జట్టు 12వ స్థానంలో తీసుకున్నది.

2024-25 సీజన్

2025లో డెన్వర్ మాంచెస్టర్‌లో జరిగిన ప్రాంతీయ పోటీలలో ప్రావిడెన్స్‌ను 5-1 తో, బోస్టన్ కాలేజీని 3-1 తో ఓడించి తిరిగి ఫ్రోజెన్ ఫోర్‌కు చేరినది. అయితే ఈ సీజన్ చివరి అంకమంతా వెస్టర్న్ మిచిగన్ జట్టుతో పోరుగానే సాగినది. మార్చిలో జరిగిన నేషనల్ కాలేజియేట్ హాకీ కాన్ఫరెన్స్ టోర్నమెంటు ఫైనల్‌లో వెస్టర్న్ మిచిగన్ రెండవ అదనపు పీరియడ్‌లో 4-3 తో డెన్వర్‌ను ఓడించినది.

మూడు వారాలు గడవక ముందే ఏప్రిల్ 10న సెయింట్ లూయిస్‌లో జరిగిన జాతీయ సెమీఫైనల్‌లో ఈ రెండు జట్లు మళ్ళీ తలపడినవి. 2-0 తో వెనుకబడిన డెన్వర్ మూడవ పీరియడ్‌లో ఐడన్ థాంప్సన్, జారెడ్ రైట్ గోల్స్‌తో స్కోరును సమం చేసినది. మొదటి అదనపు పీరియడ్‌లో గోల్ పడలేదు. రెండవది ప్రారంభమైన అర నిమిషం లోపే ఒవెన్ మైకేల్స్ గోల్‌తో వెస్టర్న్ మిచిగన్ 3-2 తో గెలిచినది. ముందటి సంవత్సరం అదనపు సమయంలో రెండు మ్యాచ్‌లు గెలిచి టైటిల్ అందుకున్న జట్టు, ఈసారి అదే అదనపు సమయంలో దానిని చేజార్చుకున్నది. ఫైనల్‌లో బోస్టన్ విశ్వవిద్యాలయాన్ని 6-2 తో ఓడించి వెస్టర్న్ మిచిగన్ తన చరిత్రలో మొదటి జాతీయ టైటిల్ సాధించినది. డేవిస్ కళాశాల క్రీడా జీవితం ఆ సెమీఫైనల్‌తో ముగిసినది.

ఇదే కాలంలో కార్ల్ అమెరికా జాతీయ జూనియర్ జట్టుకు కూడా శిక్షకునిగా వ్యవహరించినాడు. ఆ జట్టు 2024లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో, 2025లో కెనడాలోని ఒట్టావాలో ప్రపంచ జూనియర్ ఛాంపియన్‌షిప్ స్వర్ణ పతకాలను గెలుచుకున్నది. అమెరికా ఈ పతకాన్ని వరుసగా రెండుసార్లు గెలవడం అదే ప్రథమం.

మైదానము, ప్రత్యర్థులు

జట్టు తన సొంత మ్యాచ్‌లను విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని మాగ్నెస్ అరీనాలో ఆడుతుంది. 1999లో ప్రారంభమైన ఈ మందిరంలో సుమారు 6,000 మంది కూర్చొని చూడవచ్చును. డెన్వర్ నగరం సముద్ర మట్టానికి సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉన్నది.

దక్షిణాన సుమారు 110 కిలోమీటర్ల దూరంలో కొలరాడో స్ప్రింగ్స్‌లో ఉన్న కొలరాడో కాలేజీ ఈ జట్టుకు చిరకాల ప్రత్యర్థి. ఈ రెండు జట్ల మధ్య పోరులో విజేతకు గోల్డ్ పాన్ అనే ట్రోఫీ ఇస్తారు. పూర్వం కొలరాడోలో బంగారం వెదికినవారు ఏటి ఇసుకను కడుగుటకు వాడిన పళ్ళెము పేరు మీద దీనికి ఆ పేరు వచ్చినది.

జాతీయ టైటిళ్ళు (1958-2024)

* 1958 - నార్త్ డకోటా పై 6-2
* 1960 - మిచిగన్ టెక్ పై 5-3
* 1961 - సెయింట్ లారెన్స్ పై 12-2
* 1968 - నార్త్ డకోటా పై 4-0
* 1969 - కార్నెల్ పై 4-3
* 2004 - మెయిన్ పై 1-0
* 2005 - నార్త్ డకోటా పై 4-1
* 2017 - మిన్నెసోటా డులూత్ పై 3-2
* 2022 - మిన్నెసోటా స్టేట్ పై 5-1
* 2024 - బోస్టన్ కాలేజీ పై 2-0