దాత ఎన్‌కే కణాలతో క్యాన్సర్ చికిత్స: ఎంతవరకు వచ్చింది?

నేచురల్ కిల్లర్ కణాలు మన రక్తంలోని ఒక రకం తెల్లకణాలు. డాక్టర్లు ఎన్‌కే కణాలు అంటారు. ఆరోగ్యంగా ఉన్న మనిషి నుంచి వీటిని తీసి క్యాన్సర్ రోగికి ఎక్కించడమే ఈ చికిత్స. లక్షలు కడితే నయం చేస్తామని ఎవరైనా అంటే, కర్నూలు, కడపల్లోని మన కుటుంబాలు పొలమో నగలో అమ్మే ముందు అసలు విషయం తెలుసుకోవాలి.

ఎలా పనిచేస్తాయి?

1975లో స్వీడన్, అమెరికా శాస్త్రవేత్తలు వీటిని గుర్తించారు. శరీరంలో దాదాపు ప్రతి కణం మీద హెచ్‌ఎల్‌ఏ అనే గుర్తు ఉంటుంది, ఆధార్ కార్డులాగా. అది కనిపిస్తే ఎన్‌కే కణం వదిలేస్తుంది. గుర్తు లేకుండా, కణం చెడిపోయిన సంకేతాలు కనిపిస్తే చంపేస్తుంది.

దాత ఎందుకు?

రోగి సొంత ఎన్‌కే కణాలు జబ్బుతో, కీమోతో నీరసించి ఉంటాయి. క్యాన్సర్ కణం మీద సొంత గుర్తు ఉంటే మనదేలే అని వదిలేస్తాయి కూడా. దాత కణాలకు ఆ మొహమాటం ఉండదు. దాత టీ కణాలైతే రోగి చర్మం, కాలేయం, పేగుల మీద పడే ప్రమాదం ఉంది. ఎన్‌కే కణాలతో ఆ ప్రమాదం చాలా తక్కువ. అందుకే హెచ్‌ఎల్‌ఏ సగం కలిసినా ఇవ్వొచ్చు. అమ్మీ, అబ్బా, కన్నబిడ్డలు ఎలాగూ సగం కలుస్తారు. దాతకు ఆపరేషన్ ఉండదు. మిషన్ రక్తంలోంచి కావలసిన కణాలు తీసుకుని మిగతాది తిరిగి ఎక్కిస్తుంది.

ఫలితాలు

2005లో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్లు తీవ్రమైన రక్త క్యాన్సర్ ఉన్న 19 మందికి బంధువుల కణాలు ఇచ్చారు. 5 మందిలో జబ్బు కనిపించకుండా పోయింది. 2020లో హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ ఆసుపత్రి బొడ్డుతాడు రక్తంలోని ఎన్‌కే కణాలను ల్యాబ్‌లో మార్చి 11 మందికి ఇచ్చింది. 8 మందికి గుణం కనిపించింది. వాళ్లలో కొందరికి తర్వాత వేరే చికిత్సలూ ఇచ్చారు.

ఇవి చిన్న పరీక్షలు. ఎక్కించిన కణాలు చాలామందిలో కొన్ని వారాలే నిలుస్తాయి. రొమ్ము, ఊపిరితిత్తుల్లాంటి చోట్ల గడ్డల్లోకి చొరబడటం వీటికి కష్టం. మన దేశంలో 2023లో అనుమతి వచ్చిన నెక్స్‌కార్19 వేరు. అది రోగి సొంత టీ కణాలతో చేసేది.

ఏం అడగాలి?

ఇది ఇంకా పరిశోధన దశలోనే ఉంది. కాబట్టి సీటీఆర్‌ఐ రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, ఎథిక్స్ కమిటీ అనుమతి చూపమనండి. పరిశోధనలో ఉన్న మందుకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. లక్షలు అడుగుతున్నారంటే అక్కడే ఆగండి. నడుస్తున్న కీమో, రేడియేషన్ మాత్రం ఆపొద్దు. అవి ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఉన్నాయి. రిపోర్టులు తీసుకుని కర్నూలు పెద్దాసుపత్రిలోనో, హైదరాబాద్ ఎంఎన్‌జేలోనో క్యాన్సర్ డాక్టర్‌ని ఒకసారి అడిగి, ఆ తర్వాతే నిర్ణయం తీసుకోండి.