జాబితాలో లేని పేర్లు

హాకీ అనగానే ఆదివాసులమైన మనకు ముందుగా గుర్తొచ్చే పేరు జైపాల్ సింగ్ ముండా. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన భారత జట్టుకు ఆయనే కెప్టెన్. తర్వాత రాజ్యాంగ సభలో మన తరఫున గొంతెత్తిందీ ఆయనే. ఒడిశాలోని సుందర్‌గఢ్, జార్ఖండ్‌లోని సిమ్డేగా పల్లెల నుంచి నేటికీ హాకీ ఆటగాళ్లు వస్తూనే ఉన్నారు. కెనడాలో ఇంకో రకం హాకీ ఉంది. గడ్డకట్టిన మంచు మీద, కాళ్లకు ఇనుప స్కేట్లు కట్టుకుని ఆడతారు. అక్కడి మూలవాసులకు కూడా ఆ ఆటంటే ప్రాణం. ఆ పిల్లల్ని పెద్ద జట్లు ఎలా ఎంచుకున్నాయో, ఎలా వదిలేశాయో మనం తెలుసుకోవాలి.

ఆ ఆటకు నేషనల్ హాకీ లీగ్ అన్నిటికంటే పెద్ద వేదిక. కెనడా, అమెరికా రెండు దేశాల జట్లూ అందులో ఆడతాయి. 1963కు ముందు ఆ జట్లు చిన్న జట్లకు డబ్బిచ్చి, అందులో ఆడే కుర్రవాళ్ల మీద హక్కులు ముందే రాయించుకునేవి. 1963లో 'డ్రాఫ్ట్' అనే పద్ధతి మొదలైంది. జట్లన్నీ ఏడాదికోసారి వంతుల ప్రకారం ఒక్కో కుర్రవాడి పేరు పిలుస్తాయి. ఇప్పుడు 32 జట్లు, 7 విడతలు. అంటే ఏడాదికి 224 పేర్లు. సాధారణంగా పద్దెనిమిదో ఏట ఒక కుర్రవాడి పేరు మొదటిసారి ఈ లెక్కలోకి వస్తుంది. ఆ ఏడు పిలవకపోతే ఇంకో రెండేళ్లు అవకాశం ఉంటుంది. ఆ తర్వాత జాబితా అతన్ని మరిచిపోతుంది.

ఈ పేర్లు ఎవరు చెబుతారు? ఊరూరా తిరిగి ఆటలు చూసే స్కౌట్లు చెబుతారు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. స్కౌట్ చూసిన పిల్లవాడే జాబితాలోకి వస్తాడు. స్కౌట్ ఎక్కువగా పెద్ద పట్టణాల్లోని పెద్ద జట్ల ఆటలకు వెళతాడు. మూలవాసుల ఊళ్లు చాలావరకు ఆ దారికి దూరంగా ఉంటాయి.

ఆ దూరం ఎంతో కేరీ ప్రైస్ కథ చెబుతుంది. అతని తల్లి ఉల్కాచో తెగకు చెందినది, ఆ తెగకు పెద్దగా కూడా పనిచేసింది. వాళ్లుండే అనహిమ్ లేక్ నుంచి ఆట సాధన చేసే విలియమ్స్ లేక్ పట్టణం సుమారు 320 కిలోమీటర్లు. తండ్రి ఒక చిన్న పాత విమానం కొని, తానే నడుపుతూ కొడుకును సాధనకు తీసుకెళ్లాడు. ఆ తండ్రి కూడా ఒకప్పుడు డ్రాఫ్ట్‌లో ఎంపికైన గోల్‌కీపరే. కేరీని 2005 డ్రాఫ్ట్‌లో అయిదో పేరుగా పిలిచారు. 2015లో లీగ్ మొత్తానికి అత్యుత్తమ ఆటగాడయ్యాడు. విమానం కొనగల తండ్రి, ఆట తెలిసిన తండ్రి ఉన్న పిల్లవాడు అక్కడిదాకా వెళ్లాడు. పక్క ఊళ్లో అంతే ఆట ఉండి, అలాంటి తండ్రి లేని పిల్లవాడి పేరు ఏ చరిత్రలోనూ లేదు.

దూరం ఒక్కటే అడ్డు కాదు. ఫ్రెడ్ సాసకమూస్ క్రీ తెగవాడు. చిన్నప్పుడే అతన్ని ఇంటి నుంచి తీసుకెళ్లి డక్ లేక్‌లోని రెసిడెన్షియల్ స్కూల్లో పెట్టారు. మూలవాసుల పిల్లల నుంచి వాళ్ల భాషను, అలవాట్లను తుడిచేయడానికి ప్రభుత్వం, చర్చిలు కలిసి నడిపిన బడులవి. 2008లో కెనడా ప్రభుత్వం వాటికి క్షమాపణ చెప్పింది. ఆ బడిలోనే ఫ్రెడ్ హాకీలో రాటుదేలాడు. డ్రాఫ్ట్ ఇంకా రాని రోజుల్లో, 1953-54లో, షికాగో జట్టుకు 11 ఆటలాడాడు. లీగ్‌లో అడుగుపెట్టిన తొలి మూలవాసుల్లో ఆయన ఒకరు. ఆ తర్వాత ఊరికి తిరిగొచ్చి, పిల్లలకు ఆట నేర్పుతూ, తెగ పెద్దగా ఉంటూ బతికాడు. 2020లో కోవిడ్‌తో కన్నుమూశాడు.

ఇక జాబితా వదిలేసిన వాళ్ల సంగతి. జాక్ వైట్‌క్లౌడ్ మానిటోబా రాష్ట్రంలోని సూ వ్యాలీ డకోటా నేషన్‌కు చెందినవాడు. డ్రాఫ్ట్‌లో ఏ ఒక్క జట్టూ అతని పేరు పిలవలేదు. తమ ప్రాంతపు చిన్న లీగ్‌లో విర్డెన్ పట్టణ జట్టుకు ఆడాడు. తర్వాత అమెరికాలోని బెమిడ్జీ స్టేట్ యూనివర్సిటీలో చేరి చదువు, ఆట కలిపి నడిపాడు. 2018లో వేగస్ జట్టు అతన్ని నేరుగా తీసుకుంది. బ్రాండన్ మాంటూర్‌కు సిక్స్ నేషన్స్ మోహాక్ మూలాలున్నాయి. అతన్ని 2012లోనూ, 2013లోనూ దాటేశారు. 2014లో మూడోసారి 55వ పేరుగా పిలిచారు.

2023 ఫైనల్లో ఈ ఇద్దరూ ఎదురెదురు జట్లలో నిలిచారు. మొదటి ఆటలో వేగస్‌కు ఆధిక్యం తెచ్చిన గోల్ వైట్‌క్లౌడ్‌ది. ఆ ఏడు స్టాన్లీ కప్ వేగస్ గెలిచింది. మరుసటి ఏడు మాంటూర్ ఆడిన ఫ్లోరిడా గెలిచింది. ఒకరిని పూర్తిగా వదిలేశారు, ఇంకొకరిని రెండుసార్లు దాటేశారు. వరసగా రెండేళ్లు కప్పు ఆ ఇద్దరి చేతుల్లోకే వచ్చింది.

ఇది వాళ్లిద్దరి పట్టుదల వల్లే జరిగిందంటే సగమే చెప్పినట్టు. మిగతా సగం వాళ్ల వెనక ఉన్న ఏర్పాట్లు. ఊరికి దగ్గరలో ఒక చిన్న జట్టు ఉంది. చదువు ఆపకుండా ఆడనిచ్చే కాలేజీ ఉంది. పద్దెనిమిదేళ్లు దాటినా ఆడుకోవడానికి ఒక చోటు ఉంది. అలాంటి చోటు కోసం మూలవాసులు ఎవరి పిలుపు కోసమో చూస్తూ కూర్చోలేదు. తమ పిల్లలకు బయటి జట్లలో చోటు దొరకడం లేదని, 1971లో అంటారియోలో 'లిటిల్ నేటివ్ హాకీ లీగ్' పేరిట సొంత పోటీ పెట్టుకున్నారు. దానికి నాలుగు స్తంభాలన్నారు: చదువు, పౌర బాధ్యత, క్రీడాస్ఫూర్తి, గౌరవం. ఆ పోటీ ఇప్పటికీ నడుస్తోంది.

మన దగ్గరా ఆటగాళ్ల పేర్లు పిలిచే రోజులొచ్చాయి. కబడ్డీలో 2014 నుంచి వేలం నడుస్తోంది. 2024 హాకీ వేలంలో హైదరాబాద్ పేరున ఒక జట్టు ఆటగాళ్లను కొన్నది. రేపు ఆశ్రమ పాఠశాల నుంచి, గురుకులం నుంచి ఒక పిల్ల ఎంపికలకు వెళ్లి, పేరు లేకుండా తిరిగి రావచ్చు. అప్పుడు ఆమెకు ఆట రాదనుకుని టీచరు వదిలేస్తే, ఎవరో ఒకరోజు చూసి రాసిన కాగితానికి మనమే ముద్ర వేసినట్టవుతుంది. ఆమెకు ఇంకో రెండేళ్లు ఆడే మైదానం ఉండాలి, చదువు సాగాలి, ఎంపికలు జరిగే పట్టణానికి బస్సు చార్జీ దొరకాలి. మండలానికో పోటీ మనమే పెట్టుకోవాలి. ఎవరు ఎలా ఆడారో ఒక పుస్తకంలో మనమే రాసుకోవాలి. అప్పుడు వాళ్ల జాబితాలో ఆమె పేరు లేకపోయినా, మన పుస్తకంలో ఉంటుంది.