కొసరు ఎవరికి, తరుగు ఎవరికి

గిరాకీ పట్ల వ్యాపారి వినయంగా ఉండాలన్న మాట మనకు కొత్త కాదు. బ్యాంకు గోడల మీదా, దుకాణాల గల్లాపెట్టెల వెనకా గాంధీ పేరుతో వేలాడే పటం ఒకటి ఏళ్ల తరబడి ఆ సంగతే చెబుతోంది. ఆ మాటకు గాంధీ రచనల్లో ఆధారం దొరకలేదు గానీ పటం మాత్రం దిగలేదు. పలకరింపునూ నమస్కారాన్నీ చూసి వినయాన్ని కొలిచే అలవాటు మనది. వినయం చరిత్ర తెలియాలంటే మాటను వదిలి చేతిని చూడాలి. వికారాబాద్, తాండూరు ప్రాంతాల గింజల వ్యాపారం ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడి బజారులో తూకం అయ్యాక ఒక గుప్పెడు అటో ఇటో కదిలేది. కొనేవాడి సంచిలోకి పోతే దాని పేరు కొసరు. అమ్మే రైతు రాశిలోంచి పోతే దాని పేరు తరుగు. ఆ గుప్పెడు ఎటు పోయిందన్న దాన్ని బట్టే వినయం ఎవరి పట్ల ఉందో తెలుస్తుంది. ఇంకో దుకాణం మెట్లు ఎక్కగలిగినవాడికే కొసరు దక్కింది. ఎక్కలేనివాడు తరుగు ఇచ్చుకుని, పైగా తానే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఈ ప్రాంతాన్ని పెద్ద బజారుగా మార్చింది రైలు. వాడి నుంచి సికింద్రాబాద్ దాకా నిజాం రాజ్యపు రైలుమార్గం 1874లో మొదలైంది. తాండూరు, వికారాబాద్ రెండూ ఆ దారిలోనివే. వాడి దగ్గర ఆ మార్గం బొంబాయి రైళ్లతో కలిసింది కాబట్టి కాగ్నా నది ఒడ్డున పండిన గింజకు ఒకవైపు హైదరాబాదు, ఇంకోవైపు బొంబాయి అందుబాటులోకి వచ్చాయి. ‘పైగా’ అనే కులీన వంశపు అమీరు, 1893 నుంచి 1901 వరకు నిజాం దగ్గర ప్రధానమంత్రిగా ఉన్న వికారుల్ ఉమ్రా పేరు మీద వికారాబాద్ వెలిసింది. తర్వాత బీదర్ వైపు లైను చీలడంతో అది జంక్షనైంది. తాండూరు 1956 దాకా గుల్బర్గా జిల్లాలోని తాలూకా. సేడం, చించోళి వైపు నుంచి కన్నడం, చుట్టుపక్కల ఊళ్ల నుంచి తెలుగు, కచేరీ నుంచి ఉర్దూ ఒకే బజారులో కలిసేవి. అలాంటి చోట ఎవరి భాషలో వాళ్లను పలకరించడం వ్యాపారికి బతుకుతెరువు. మర్యాద అక్కడ పెట్టుబడిలో భాగం. దాన్ని కపటం అనక్కర్లేదు, అంతకు మించిన గుణమని పొగడనూ అక్కర్లేదు.

చిల్లర బేరంలో ఈ మర్యాదకు రూపం కొసరు. మానికతో గింజలు కొలిచేవాళ్లు మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. అక్కడి నుంచి రెండు, మూడు అని లెక్క సాగుతుంది. కొలత మీద గింజలు కుప్పగా నిలిచి అంచుల మీంచి జారితే తప్ప కొనే ఇల్లాలు ఒప్పుకోదు. లెక్క అయిపోయాక కూడా సంచి నోరు మూయదు. దుకాణదారు ఇంకో గుప్పెడు పోస్తాడు, పోయకపోతే ఆమె అడిగి మరీ పోయించుకుంటుంది. ఆ గుప్పెడు దానం కాదు, బహుమానమూ కాదు. నా కొలతలో లోటు ఉండవచ్చునని దుకాణదారు నోరు విప్పకుండా చేత్తో ఒప్పుకోవడం. ఆమె పక్క దుకాణానికి పోగలదు, పోయి నలుగురికీ చెప్పగలదు. అందుకే ఆమె ముందు కొలత వంగింది.

అదే బజారులో కందులు అమ్మడానికి బండి కట్టుకొచ్చిన రైతు దగ్గర లెక్క తలకిందులయ్యేది. 1928లో వెలువడిన రాయల్ వ్యవసాయ కమిషన్ నివేదిక దేశంలోని బజార్ల తీరును వివరంగా రాసింది. తూకాల్లో మోసం, దేవుడి పేరిటా ధర్మం పేరిటా కోతలు, మచ్చుకని తీసుకుని డబ్బు కట్టని గింజలు, గుడ్డ కింద వేళ్లు పట్టుకుని రహస్యంగా కుదుర్చుకునే ధరలు ఆ జాబితాలో ఉన్నాయి. గుడ్డ కింది బేరంలో సరుకు యజమానికే ధర తెలియదు. మచ్చు సంగతి ఇంకా విచిత్రం. కొనేవాడు గోనెసంచిలోకి మొనదేలిన ఇనుప గొట్టం పొడిచి గింజలు అరచేతిలోకి దించుకుంటాడు, ఒకటి రెండు పంటి కింద వేసి కొరికి చూస్తాడు, తక్కినవి సంచిలో తిరిగి పోయడు. అలా పదిమంది చూసేసరికి రైతుకు పోయింది గుప్పెడు కాదు, ఆ పోగు సాయంత్రానికి దుకాణంలో చిన్న రాశి. చెత్తకనీ తేమకనీ తీసే తరుగు దీనికి అదనం. చిల్లర కొనుగోలుదారుకు కొసరిచ్చిన వ్యాపారి చేతులే టోకు బేరంలో రైతు దగ్గర కొసరు గుంజుకున్నాయి. మనిషి మారలేదు, ఎదుట నిలబడ్డవాడి బలం మారింది.

రైతుకు ఆ బలం లేకపోవడానికి కారణం అప్పు. విత్తనానికీ, పెళ్లికీ, పండగ బట్టలకూ పంట అమ్మిపెట్టే అడ్తిదారు దగ్గరే తెచ్చుకున్నాడు కాబట్టి పంట కూడా అక్కడే దించాలి. నిజానికి ఆ దుకాణానికి అతనే అందరికంటే పెద్ద గిరాకీ. సరుకు తెచ్చేదీ అతనే, ఉప్పూ బట్టా కొనేదీ అతనే, వడ్డీ కట్టేదీ అతనే. అయినా గద్దె మీద దిండుకు ఆనుకుని కూర్చున్నది వ్యాపారి, గడప దగ్గర నిలబడ్డది రైతు. దీని వెనక ఊరి వ్యవస్థ కూడా ఉంది. వికారాబాద్ వంటి పైగా వంశపు ప్రాంతాలు 1949లో జాగీర్లు రద్దయ్యేదాకా అమీర్ల చేతుల్లోనే ఉన్నాయి. నీ బాంచన్ దొరా అనడం తెలంగాణ పల్లె మనిషికి ఊరి దొర ముందు అలవాటు చేసిన మాట. వంగడం నేర్చుకుని వచ్చినవాడికి బజారు కొత్త పాఠమేమీ చెప్పలేదు.

దీనికి ఒక అభ్యంతరం వస్తుంది. పాత వ్యాపారులందరూ మోసగాళ్లేనా? కరువు ఏట గింజలు అప్పిచ్చి ఇల్లు నిలబెట్టినవాళ్లు లేరా, వానలో చిక్కుకున్న రైతుకు అరుగు మీద చోటిచ్చి అన్నం పెట్టినవాళ్లు లేరా? ఉన్నారు. సర్కారు బ్యాంకు పల్లెకు రాని రోజుల్లో ఆ అప్పు లేకపోతే సేద్యమే సాగేది కాదు. కానీ దయ వేరు, వినయం వేరు. దయ పైనున్నవాడు కిందివాడికి ఇచ్చేది. ఎప్పుడివ్వాలో, ఎంతివ్వాలో ఇచ్చేవాడి ఇష్టం. నా తూకాన్ని, నా లెక్కను నువ్వు తనిఖీ చేయవచ్చు అని ఎదుటివాడికి అధికారం ఇవ్వడం వినయం. అన్నం పెట్టిన వ్యాపారి పద్దు పుస్తకం రైతు ముందు పరిచాడా అన్నదే అసలు ప్రశ్న. రైతుకు చదువు రాని రోజుల్లో పుస్తకం పరిచినా పరచకపోయినా ఒకటే కదా అనవచ్చు. అందుకే ఒక వ్యక్తి మంచితనం సరిపోలేదు, మూడో మనిషి అవసరమయ్యాడు.

ఆ మూడో మనిషిని తెచ్చింది చట్టం. హైదరాబాద్ రాజ్యంలో వ్యవసాయ మార్కెట్ల చట్టం 1339 ఫసలీలో, అంటే 1930 ప్రాంతంలో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1966 నాటి మార్కెట్ల చట్టం దాని స్థానం తీసుకుంది. మధ్యలో, 1956 చట్టం ప్రకారం సేరూ మణుగూ పల్లా పోయి, 1958 నుంచి అంచెలంచెలుగా కిలోలూ క్వింటాళ్లూ వచ్చాయి. యార్డులో సరుకు తూచే దడ్వాయి మార్కెట్ కమిటీ లైసెన్సుతో పనిచేస్తాడు. బేరం గుట్టుగా కాక బహిరంగంగా సాగాలి. చివరికి రైతు చేతికి తక్‌పట్టీ వస్తుంది. ఎన్ని బస్తాలు, ఎంత తూకం, ఏ ధర, హమాలీ ఎంత, చేతికి వచ్చేదెంత అన్నీ ఆ కాగితం మీద ఉండాలి. దాన్ని ఊరికి తీసుకెళ్లి బడికెళ్లే కొడుకుతో చదివించుకోవచ్చు, తప్పుంటే మర్నాడు తిరిగొచ్చి అడగవచ్చు. చట్టం వినయాన్ని పుట్టించదు, భయాన్నే పుట్టిస్తుందని వాదించేవాళ్లున్నారు. ఆ రెంటికీ మధ్య గోడ మనం అనుకున్నంత మందం కాదు. 13వ శతాబ్దపు ఇంగ్లండులో రొట్టె తూకం తగ్గితే శిక్ష వేసే శాసనం వచ్చింది. ఆ భయంతోనే డజనుకు పదమూడు ఇచ్చే ఆచారం పుట్టిందని చెబుతారు. భయంతో మొదలైన పని తరాలు గడిచేసరికి మర్యాదగా మారవచ్చు. చట్టం వచ్చినంత మాత్రాన తరుగు మాయం కాలేదన్నదీ నిజమే. తెలంగాణలో కొనుగోలు కేంద్రాల దగ్గర తరుగు మీద రైతుల ఆందోళనలు ఇప్పటికీ వింటున్నాం. కానీ ఆందోళన చేసే రైతు గడప దగ్గర చేతులు కట్టుకున్న రైతు కాదు.

ఇంకో అభ్యంతరం దీనికంటే బరువైనది. వంగి బతికిన చరిత్ర ఉన్న నేల మీద మళ్లీ వినయం గురించి మాట్లాడటం దేనికి? కౌంటర్ దగ్గర రోజంతా నిలబడి, తిట్టినా నవ్వవలసిన జీతగాడికి వినయం ఇంకో వెట్టి కాదా? ఇక్కడ 12వ శతాబ్దపు కల్యాణ పట్టణం వైపు చూడాలి. కల్యాణం ఏలిన బిజ్జలుడి కొలువులో భండారం చూసిన బసవన్న నడిపిన శివశరణుల ఉద్యమం నేటి బీదర్ జిల్లాలోని ఆ ఊళ్లోనే పెరిగింది. పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రాసిన బసవపురాణం ఆ కథను తెలుగు నేలకు తెచ్చింది. తాండూరులో వీరశైవ వర్తక కుటుంబాలూ భద్రేశ్వరుడి గుడీ ఆ వారసత్వానికి గుర్తులు. శరణులు కాయకాన్ని, అంటే చేతిపనిని, పూజతో సమానంగా నిలబెట్టారు. తాడు పేనే చందయ్యా, బియ్యపు గింజలు ఏరుకునే మారయ్యా ఆ సభలో పెద్దలే. ఓ రోజు మారయ్య అవసరానికి మించి గింజలు తెస్తే వాటిని తిరిగి పోసి రమ్మన్నది ఆయన భార్య లక్కమ్మ. ఆ వినయంలో ఎవరి ముందూ వంగడం లేదు. తనకు రావలసిన దానికంటే ఒక్క గింజ ఎక్కువ ముట్టకపోవడం ఉంది. ఆ లెక్కన, గిరాకీకి వినయం చూపవలసింది కౌంటర్ వెనకున్న పిల్ల నడుము కాదు, ఆమెను అక్కడ నిలబెట్టిన సంస్థ లెక్కలు. తూకం సరిగ్గా వేసి, బిల్లు ఇచ్చి, పాడైన సరుకు తిరిగి తీసుకునే దుకాణంలో పనివాళ్లు నవ్వకపోయినా గిరాకీకి నష్టం లేదు. అవేవీ లేని చోట నవ్వు నష్టాన్ని కప్పిపెట్టే గుడ్డ మాత్రమే.

ఇప్పుడు తాండూరు బజారుకు దూరాన ఉండి కనిపించని గిరాకీ వచ్చాడు. సున్నపురాతి నేలల్లో పండే తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు దక్కింది. దరఖాస్తు పెట్టింది యాలాల రైతు ఉత్పత్తిదారుల సంస్థ, అంటే ఒకప్పుడు గడప దగ్గర నిలబడ్డవాళ్లే. ఇక్కడి నాపరాళ్లకూ గిరాకీ కనిపించనివాడే. చదరపు అడుగుల లెక్కన లారీకెక్కిన బండ ఎంత మందం, అంచు ఎంత విరిగింది అన్నది దూరాన ఉన్న ఇంటివాడికి దించుకున్నాకే తెలుస్తుంది. కంటికి కనిపించని మనిషికి నమస్కారం చేరదు, పలకరింపు చేరదు. వేరే చోటి కందులు కలపకుండా ఆపడం, బండ కొలత తగ్గించకపోవడం మాత్రమే చేరతాయి. ఈ వినయం కొనేవాడి దగ్గరే ఆగిపోతే మాత్రం పాత కథ మళ్లీ మొదలవుతుంది. ప్యాకెట్ మీద ఊరి పేరు చూపించి పట్నంవాడి దగ్గర రెండు రూపాయలు ఎక్కువ తీసుకున్నవాళ్లు, ఆ రెండు రూపాయల్లో రైతు వాటా ఎంతో తక్‌పట్టీ మీద కూడా చూపించాలి. అలా చూపించనప్పుడు కొనేవాడికి చేసే మర్యాద ఖర్చును పండించినవాడే భరిస్తున్నట్టు లెక్క.