సిమెంటు దురద – వీపుమీది పట్టీ

హైదరాబాదు పడమటి అంచున, ఔటర్ రింగు రోడ్డు ప్రక్కనున్న నార్సింగిలో నేడు ఎటు చూచినను లేచుచున్న భవనములే. అక్కడ మాలు కలుపు కూలీల చేతులను మన విద్యార్థులు ఒకమారు శ్రద్ధగా చూడవలెను. కొందరికి వ్రేళ్లసందులు ఎండి పగిలియుండును. కొందరికి ఎఱ్ఱబారి నీరు కారుచుండును. “సిమెంటు పడలేదు” అని వారందురు. మాట నిజమే, కాని పడకపోవుట రెండు విధములు.

తడి సిమెంటు తీవ్రమైన క్షారము. దాని పి.హెచ్. 12కు పైబడియుండును. అంతటి క్షారము ఎవరి చర్మమునైనను కాల్చును. రెండవది ఎలర్జీ. ఏండ్ల తరబడి ఏ బాధయు లేక పనిచేసిన తాపీమేస్త్రికి ఒకనాటినుండి సిమెంటు తాకినప్పుడెల్ల దురద పుట్టును. చూపులకు రెండును ఒక్కటే. మొదటివాడు పుండు మానినపిమ్మట చేతొడుగులతో మరల పనికి పోవచ్చును. రెండవవానికి చేతనున్న వృత్తియే ముప్పు. కనుక వీనిని వేరుపరచుట అతని కూటికి సంబంధించిన ప్రశ్న.

దీనికి మార్గము చూపినవాడు జోసెఫ్ యాడస్సోన్ అను జర్మను చర్మవైద్యుడు. పాదరసపు మందువలన చర్మము పొక్కినవానికి ఆ మందునే మంచి చర్మముపై కొద్దిమేర అంటించి చూచెను. అక్కడను పొక్కెను! 1895లో గ్రాట్జ్ నగరమున జరిగిన జర్మను చర్మవైద్యుల సభలో ఈ సంగతి తెలిపెను. వైద్యుడే రోగమును చిన్నదిగా పుట్టించుట విడ్డూరముగా తోచును గాని, పరీక్ష కీలకమంతయు అందే ఉన్నది. తరువాత స్విట్జర్లండులో బ్రూనో బ్లాక్ ఈ పద్ధతిని పెంపొందించెను.

అయితే సిమెంటునే అంటించి చూచినచో? క్షారము అందరిని పొక్కించును, తెలియునది శూన్యము. 1950లో యేగర్, పెల్లోనీ అను స్విస్ వైద్యులు ఈ చిక్కు విప్పిరి. సిమెంటు రోగుల చర్మము పొటాసియం డైక్రోమేటుకు స్పందించుచున్నదని వారు చూపిరి. మన ప్రయోగశాలలోని నారింజరంగు స్ఫటికములే అవి! సిమెంటులో లేశమాత్రముగానున్న క్రోమియమే అసలు దోషి. నా మట్టుకు యాడస్సోన్ కంటె వీరే మన కూలీలకు దగ్గరివారు.

చాకలివారు బట్టలపై గుర్తుపెట్టు నల్లజీడి రసము కొందరికి దద్దురులు తెచ్చుట మనమెరిగినదే. అదియు ఈ జాతిదే.

ఎలర్జీ వెంటనే బయటపడదేల? రక్తవర్గములను కనుగొన్న లాండ్‌స్టైనర్ 1942లో మెరిల్ చేజ్‌తో కలిసి, ఈ గుణము గినీపందులలో ఒకదానినుండి మరొకదానికి కణములద్వారా సంక్రమించునని చూపెను. రక్షకకణములు చేరి పోరు సాగించుటకు రెండు మూడు దినములు పట్టును. అందుచే వాసెలిన్‌లో 0.5 శాతము డైక్రోమేటు కలిపి వీపుపై అంటించి, 48 గంటల తరువాత విప్పి చూచి, మరి రెండు దినములకు తిరిగి చూతురు. క్షారపు మంటయైన పట్టీ తీసినపిమ్మట తగ్గుముఖము పట్టును. ఎలర్జీ సాధారణముగా నిలుచును, ఒక్కొక్కప్పుడు పెరుగును.

పై తరగతులవారికి ఒక ముచ్చట. డైక్రోమేటు ద్రావణమును ఫెర్రస్ లవణముతో టైట్రేషన్ చేయునప్పుడు నారింజరంగు పోయి ఆకుపచ్చ తేలును. ఆరు సంయోజకత గల క్రోమియం మూడుగా మారుటయే దీనికి కారణము. ఈ రెండవరూపము చర్మములోనికి అంతగా చొరజాలదు. 1981లో డెన్మార్కు సిమెంటులో ఫెర్రస్ సల్ఫేటు కలుపుట ఆరంభించెను. అక్కడ ఈ రోగము తగ్గెను. 2005నుండి యూరపు సమాఖ్య నీటిలో కరగు ఆరు సంయోజకత క్రోమియమును పదిలక్షలకు రెండు భాగములకు పరిమితము చేసెను.

పరీక్ష సులభమే, కాని కూలికి కాదు. సోమవారము అంటించుకొని, బుధవారము విప్పించుకొని, శుక్రవారము మరల చూపించుకొనవలెను. అంతవరకు వీపు తడువరాదు, చెమట పట్టరాదు. పాలమూరునుండి వచ్చి, పదునైదవ అంతస్తునకు ఇటుకలు చేరవేయువానికి ఇది అయిదు దినముల కూలి.