లైన్ క్లియర్ అంటే రైల్వేలో ఒకటి.. కరెంటోళ్లకు ఇంకోటి!

జగ్గయ్యపేట, నందిగామ: 'లైన్ పోయింది' అని ఎవరైనా అంటే ఏం పోయిందో వెంటనే చెప్పలేం. కరెంటు పోయి ఉండొచ్చు, మాట్లాడుతుండగా ఫోన్ కట్ అయి ఉండొచ్చు. పాత కృష్ణా జిల్లా మెట్టలో ఈ ఒక్క ఇంగ్లిష్ మాటతో జరిగే పనులు అన్నీ ఇన్నీ కావు. 2022 ఏప్రిల్‌లో ఈ ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది గానీ వాడుక ఏమీ మారలేదు.

అసలు ఈ మాట పుట్టింది దారంలోంచి. లాటిన్‌లో 'లినమ్' అంటే అవిసె మొక్క, దాని నారతో పేనిన దారం 'లినియా'. లినెన్ బట్టకు పేరొచ్చిందీ అక్కడి నుంచే. గోడ వంకర పోకుండా తాపీ మేస్త్రి కట్టే దారం చూస్తే ఆ మొదటి అర్థం ఇంకా బతికే ఉందనిపిస్తుంది.

హైదరాబాద్-విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారిని జనం 'ఫోర్‌లైన్' అంటారు. ఇంగ్లిష్‌లో అది లైన్ కాదు, లేన్. మన నోట రెండూ కలిసిపోయాయి. సిమెంట్ లోడుతో దూరం వెళ్లిన లారీ డ్రైవర్ గురించి అడిగితే 'లైన్ మీద ఉన్నాడు' అంటారు. కృష్ణ దాటి గుంటూరు వెళ్తే బ్రాడీపేటలో వీధినే 'నాలుగో లైను' అని పిలుస్తారు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ గుడి దగ్గరైతే 'క్యూలైన్'. క్యూ అన్నా వరుసే, లైన్ అన్నా వరుసే.. అయినా రెండూ కలిపితేగానీ జనానికి తృప్తి ఉండదు. ఇక కుర్రాళ్లు 'లైన్ వేయడం', నాయకులు 'పార్టీ లైన్ దాటడం' తెలియనివి కావు. పత్తి, మిరప చేలల్లో మాత్రం ఈ మాటకు చోటు దొరకలేదు. అక్కడ ఇప్పటికీ సాలే.

నవ్వుకుని వదిలేయలేని వాడుక ఒకటుంది. అదే 'లైన్ క్లియర్'.

ఖమ్మం జిల్లా మోటమర్రి నుంచి జగ్గయ్యపేటకు రైల్వే లైన్ ఉంది. సింగిల్ లైన్ మీద రైలు పంపాలంటే స్టేషన్ మాస్టర్ ముందు స్టేషన్‌ను 'లైన్ క్లియర్' అడుగుతారు. అది దొరికిందంటే పట్టాలు ఖాళీ, రైలు రావచ్చు అని అర్థం. కరెంటు శాఖలో సరిగ్గా ఇదే మాటకు వ్యతిరేక ఫలితం. లైన్‌మ్యాన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్ నుంచి 'ఎల్‌సీ', అంటే లైన్ క్లియర్ తీసుకోవాలి. ఆపరేటర్ ఆ ఫీడర్‌కు సరఫరా ఆపి, టైము, పేరు రిజిస్టర్‌లో రాసుకుంటారు. ఇక్కడ ఎల్‌సీ ఇచ్చారంటే కరెంటు రాదని మాట. పని ముగించి కిందికి దిగాక, తీసుకున్న మనిషే దాన్ని తిరిగి అప్పగించాలి. అప్పటిదాకా స్విచ్ వేయకూడదు.

ఇబ్బందంతా ఫోన్ మాటల దగ్గర వస్తుంది. 'లైన్ క్లియరేనా?' అని అడిగితే 'ఆఁ, క్లియర్' అన్న జవాబుకు రెండు అర్థాలు.. కరెంటు ఆపేశామనా, పని అయిపోయింది ఇచ్చేయమనా? ఏ ఫీడరో పేరు పెట్టి చెప్పకపోతే ఇంకా ప్రమాదం. ఒకే స్తంభం మీద రెండు లైన్లు వెళ్లే చోట ఒకటి ఆగినా రెండోది బతికే ఉంటుంది. ఆగిన లైన్‌లోకి కూడా ఎవరి జనరేటర్ నుంచో కరెంటు వెనక్కి రావచ్చు. అందుకే ఎల్‌సీ తీసుకున్నాక కూడా తీగను పరీక్షించి, ఎర్త్ చేసిన తర్వాతే చెయ్యి పెట్టాలన్నది నిబంధన. ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోయిందని రైతులే కర్ర పట్టుకుని వెళ్లే పద్ధతి మెట్ట పొలాల్లో ఇంకా ఉంది. అది వాళ్ల పని కాదు. 1912కు ఫోన్ చేసి చెప్పాలి, సిబ్బంది వచ్చేదాకా మోటారు ఆగినా ఫర్వాలేదు.

ఇక రైతుకు రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని మాట 'ఆన్‌లైన్'. పట్నంలో ఆన్‌లైన్ అంటే చీరో సెల్‌ఫోనో ఇంటికి తెప్పించుకోవడం. తహసీల్దార్ ఆఫీసు మెట్ల మీద అర్థం వేరు. 'పొలం ఆన్‌లైన్ ఎక్కలేదు' అంటే వెబ్‌ల్యాండ్ రికార్డులో తన పేరు లేదని. కాగితం చేతిలో ఉన్నా, నాగలి తనే దున్నుతున్నా.. పేరు అక్కడ కనపడకపోతే బ్యాంకు లోను దగ్గర, ఈ-క్రాప్ దగ్గర చిక్కులే.

రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది కూడా ఈ నేల మీదే. 2020 డిసెంబర్ 21న జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో అప్పటి ముఖ్యమంత్రి వైఎస్ జగన్ దాన్ని ప్రారంభించారు. డ్రోన్లు, రోవర్లతో కొలిచి గీసే హద్దు లైన్ ఒకటి, తాతల నాటి గట్టు ఒకటి. రెండూ ఒకచోట పడితే సరే. పడకపోతే గొడవ అన్నదమ్ముల మధ్యకే వస్తుంది. పొలం కొనేవాళ్లు, పంచుకునేవాళ్లు రిజిస్ట్రేషన్‌కు ముందే మీభూమి వెబ్‌సైట్‌లో 1బీ, అడంగల్ తీసి పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం మూడూ సరిచూసుకోవాలి.